పేచీ పెట్టేవాళ్ళతో మ్యూజియానికి వెళ్తే భోజనం ఎక్కడ?

ఆదివారం ఇంటిల్లిపాదీ విజయనగరం బయల్దేరుతున్నారు. కోట చూపించాలి, గురజాడ వారి ఇల్లు చూపించాలి, గంటస్తంభం దగ్గర ఫొటో దిగాలి. ఇన్ని అనుకున్నారు సరే, మధ్యాహ్నం ఎక్కడ తినాలో అనుకున్నారా? "ఊళ్ళో ఏదో ఒకటి దొరక్కపోతుందా" అని వదిలేశారా?

ఏదైనా తినేవాళ్ళకి ఏదో ఒకటి దొరుకుతుంది. మీ ఇంట్లో అలాంటివాళ్ళు ఎందరున్నారో ఒకసారి లెక్క చూసుకోండి. పెద్దాడికి కరివేపాకు కనబడితే చాలు, కంచం పక్కకి నెట్టేస్తాడు. చిన్నది తెల్లగా ఉన్నవే తింటుంది: ఇడ్లీ, పెరుగన్నం, మహా అయితే కొబ్బరి ముక్క. నాన్నమ్మ ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. తాతయ్యకి షుగరు, ఒంటిగంట దాటితే ఒళ్ళు తూలుతుంది. ఇంటాయనకి ఆదివారం ముక్క లేనిదే ముద్ద దిగదు. వీళ్ళందరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఎవరూ అలగకుండా, ఎవరూ ఆకలితో లేవకుండా చూడడం ఎలా?

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఊరు చూసే రోజు తిండి అలవాట్లు దిద్దే రోజు కాదు. కాకరకాయ తినడం, కరివేపాకు ఏరకుండా ఉండడం, కొత్త కూర రుచి చూడడం, ఇవన్నీ ఇంట్లో నేర్పండి. అక్కడ మీ వంటగది ఉంది, ఇవాళ కాకపోతే రేపు ఉంది. రెండు గంటలు ఎండలో తిరిగి కాళ్ళు పీకుతున్న పిల్లాడు, తెలియని హోటల్లో తెలియని కంచం ముందు కూర్చుని మారిపోతాడా? ఆ పూటకి మీ పని వేరు. వాడికి తెలిసిన వంటకం దొరికే చోటు ముందే చూసిపెట్టుకోవడం. కడుపు నిండితే మధ్యాహ్నం కూడా మీ చెయ్యి పట్టుకుని నడుస్తాడు, గోడమీద ఫొటోలో ఉన్నాయన ఎవరని అడుగుతాడు. మీరు అంత దూరం వెళ్ళింది అందుకే కదా?

ముందు ఊరి సంగతి

విజయనగరంలో చూడాల్సినవి చాలావరకు ఒకే చుట్టుపక్కల ఉంటాయి. ఇది మీకు కలిసొచ్చే విషయం. 1713లో కట్టడం మొదలైన కోట, 1885లో కట్టిన ఎనిమిది పలకల గంటస్తంభం, మూడు లాంతర్ల కూడలి దగ్గర పైడితల్లి అమ్మవారి గుడి, కోటకి దగ్గర్లోనే గురజాడ అప్పారావు గారి ఇల్లు. ఆయన ఫొటోలు, వాడిన వస్తువులు మ్యూజియంలోలా ఆ ఇంట్లో చూడొచ్చు. చిన్న ఇల్లు, చిన్న సందర్శన. ఎనిమిదేళ్ళ పిల్లాడు విసుక్కునేలోపే అయిపోతుంది. బడిలో నేర్చుకున్న దేశభక్తి గేయం రాసినాయన ఇక్కడే ఉండేవారని ముందు రోజే చెప్పి ఉంచితే వాడు ఇంకాస్త ఎక్కువసేపే నిలబడతాడు.

ఇంకో మాట కూడా చెప్పండి. 1892లో మొదటిసారి ఆడిన ఆయన నాటకం కన్యాశుల్కం ఈ ఊరి బొంకులదిబ్బ దగ్గరే మొదలవుతుంది. మొదటి అంకంలోనే పూటకూళ్ళమ్మ వస్తుంది. డబ్బు తీసుకుని పూటకింత అని భోజనం పెట్టే మనిషి. అంటే పొరుగూరినుంచి వచ్చినవాళ్ళకి అన్నం అమ్మడం ఈ ఊళ్ళో నిన్నా మొన్నా పుట్టిన వ్యాపారం కాదు. అప్పట్లో పూటకూళ్ళ ఇంట్లో ఆ పూట ఏది వండితే అదే. ఇప్పుడు మీకు ఎంచుకునే వీలుంది, దాన్ని వాడుకోండి.

హోటళ్ళ పేర్లు ఇక్కడ కావాలనే రాయడం లేదు. వంటమాస్టరు మారితే రుచి మారిపోతుంది, బోర్డు మాత్రం అదే ఉంటుంది. పేరు గుర్తుపెట్టుకోవడం కంటే చూసి పోల్చుకోవడం నేర్చుకుంటే విజయనగరంలోనే కాదు, శ్రీకాకుళంలోనూ విశాఖలోనూ పనికొస్తుంది.

1. ఒక్కొక్కరికి ఒక ఖాయమైన వంటకం రాసుకోండి

ముందు రోజు రాత్రి భోజనాల దగ్గరే అడగండి. "రేపు హోటల్లో ఏం తింటావు?" అని అడిగితే పిల్లాడు పిజ్జా అంటాడు. "నీకేం వద్దు?" అంటే ఆ జాబితా తెల్లారేదాకా తెగదు. ఇలా అడిగి చూడండి.

"ఏ హోటల్‌కి వెళ్ళినా నువ్వు తప్పకుండా తినేది ఒక్కటి చెప్పమ్మా."

"ఇడ్లీ."

"ఇడ్లీలోకి?"

"ఏం వద్దు. పంచదార."

"సరే, పంచదారతో ఇడ్లీ."

అంతే, అయిపోయింది. చాలామంది అమ్మలు ఇక్కడే పట్టాలు తప్పుతారు. "పంచదారేమిటి, చట్నీతో తినాలి" అని మొదలుపెడతారు. ఆ పాఠం ఇంకో రోజుకి దాచుకోండి. రేపు కావాల్సింది ఇడ్లీ కడుపులోకి వెళ్ళడం.

పెద్దవాళ్ళని కూడా అడగండి, రెండోసారి కూడా అడగండి. మొదటిసారి అడిగితే నాన్నమ్మ ఏమంటారో మీకు తెలుసు: "నాకేటమ్మా, మీరు తిన్నదే నేనూ తింటాను." అక్కడికెళ్ళాక సాంబారులో ఉల్లిపాయలు చూసి, గ్లాసు మజ్జిగ తాగి ఊరుకుంటారు. అందుకని సూటిగా అడగండి: "ఉల్లిపాయ లేకుండా ఏది దొరికితే తింటారత్తయ్యా?" అప్పుడు అసలు జవాబు వస్తుంది. రెండు ఇడ్లీలు, గడ్డపెరుగు. లేదా తెల్లన్నం, ముద్దపప్పు, నెయ్యి.

ఇప్పుడు మీ చేతిలో చీటీ ఉంది: ఇడ్లీ, దోశ, పప్పన్నం, పుల్కా, చికెన్ బిర్యానీ. చూడగానే చిక్కు ఎక్కడుందో తెలిసిపోతుంది. బిర్యానీ ఉండే చోట నాన్నమ్మ కూర్చోరు. నాన్నమ్మ కూర్చునే చోట బిర్యానీ ఉండదు. ఇలాంటప్పుడు ఎవరు సర్దుకోవాలి? నా మటుకు నాకు సందేహం లేదు. ఒక పూట సర్దుకోగల శక్తి ఉన్నవాళ్ళే సర్దుకోవాలి. ఐదేళ్ళ పిల్లకి ఆ శక్తి లేదు, డెబ్భై ఏళ్ళ నాన్నమ్మని ఇప్పుడు మార్చలేరు. ఇంటాయనకి బిర్యానీ రాత్రికి పార్సిల్ కట్టించండి. ఈ మాట ఇంట్లోనే తేల్చేసుకోండి. హోటల్ గుమ్మంలో నిలబడి తేల్చుకుందామనుకుంటే అందరి ముఖాలూ మాడిపోతాయి.

2. గడియారం చూసి తినండి

పిల్లల పేచీల్లో సగం నిజంగా పేచీలు కావు. వేళ తప్పడం. మన ఊళ్ళ హోటళ్ళకి ఒక వేళాపాళా ఉంది. పొద్దున టిఫిన్లు, పదిన్నర పదకొండుదాకా. పన్నెండు అటూ ఇటూగా మీల్స్ మొదలు, మూడుదాకా. నాలుగు దాటాక మళ్ళీ టిఫిన్లు. ఇది తెలియక ఏమవుతుందో చూడండి.

ఒంటిగంటన్నర. కోటంతా తిరిగి వచ్చారు. పిల్లాడు పొద్దున్నించీ కలవరిస్తున్నది ఒకటే, దోశ. కూర్చోగానే చెప్పాడు.

"మీల్స్ టైమండీ. పెనం ఆపేశాం. నాలుగింటికి ఉంటుంది."

"ఇడ్లీ అయినా?"

"పొద్దున్నే అయిపోయాయి సార్."

పిల్లాడి కింది పెదవి బయటికి వచ్చింది. ఇక ఆ బల్లమీద ఏం పెట్టినా వాడికి అక్కర్లేదు. తప్పు వాడిదా? వెయిటర్‌దా? ఎవరిదీ కాదు. టిఫిన్ తినే పిల్లల్ని మీల్స్ వేళకి తీసుకొచ్చారు, అంతే.

దీనికి రెండు దారులున్నాయి. మీ పిల్లలు టిఫిన్ పక్షమైతే రోజునే అటు తిప్పండి. ఇంట్లో తొందరగా పాలు, బిస్కెట్లు ఇచ్చి బయల్దేరి, కోట చూసి, పది పదింబావుకల్లా హోటల్లో దోశలు, ఇడ్లీలు కడుపునిండా తినిపించండి. తర్వాత గురజాడ వారి ఇల్లు, గంటస్తంభం. రెండింటికి అరటిపళ్ళు, మజ్జిగ. నాలుగింటికి మళ్ళీ టిఫిన్. పెద్దవాళ్ళు మాత్రం మధ్యలో మీల్స్ తింటారు, అప్పుడు పిల్లలు పక్కన కూర్చుని అప్పడం నములుతారు. అన్నం తినే పిల్లలైతే పన్నెండింటికే వెళ్ళిపోండి. మొదటి వాయి అన్నం వేడిగా ఉంటుంది, హాలు ఖాళీగా ఉంటుంది, అడిగిన మాట వినే ఓపిక వెయిటర్‌కి ఉంటుంది. ఒంటిగంట తర్వాత ఆ మూడూ ఉండవు.

మ్యూజియం సెలవు రోజు, తెరిచే వేళలు ముందే కనుక్కోండి. తలుపు తాళం చూసి తిరిగొచ్చిన కుటుంబం వేళకాని వేళ హోటల్ మీద పడుతుంది. పండగ రోజు కూడా చూసుకోండి. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ఊరంతా జనమే. ఆ రోజు వెళ్తే ఉత్సవం కోసమే వెళ్ళండి. చూసి తీరాల్సిన ఉత్సవం. కానీ చంటిపిల్లతో కూర్చుని తీరిగ్గా భోంచేద్దామనుకుంటే కుదరదు, పొట్లాలు కట్టుకెళ్ళండి.

3. ఒక్క ఫోన్ చేయండి

మ్యాప్‌లో చుక్కలు, రేటింగులు చూసి నమ్మేయకండి. నాలుగున్నర స్టార్లు ఇచ్చినాయన కారం బాగా తగిలిందనే ఇచ్చి ఉండొచ్చు. మీకు కావాల్సింది ఫొటోలు. ఈమధ్య పెట్టిన ఫొటోల్లో కంచాలు చూడండి, మెనూ బోర్డు చూడండి, వెనకాల బల్లల దగ్గర పిల్లలున్న కుటుంబాలు కనిపిస్తున్నాయా చూడండి. రెండు మూడు చోట్లు ఏరుకుని, పదకొండు లోపల ఫోన్ చేయండి. హడావుడి లేని వేళ అది. ఇవి అడగండి:

"మధ్యాహ్నం ఒంటిగంటకి ఇడ్లీ, దోశ దొరుకుతాయా?"

"మీల్స్‌లో పప్పు, కూర ఉల్లిపాయ లేకుండా ఏదైనా ఉంటుందా?"

"కింద కూర్చునే చోటుందా, ఫ్యామిలీ హాలు మేడమీదా?"

"మీల్స్ పిల్లలకి విడిగా తీసుకోవాలా, ప్లేట్ మీల్స్ ఇస్తారా?"

మూడో ప్రశ్న చిన్నదనుకోకండి. ఏసీ ఫ్యామిలీ హాలు చాలా హోటళ్ళలో పై అంతస్తులో ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న నాన్నమ్మ ఆ మెట్లు ఎక్కి, దిగి, మళ్ళీ మ్యూజియంలో నడవగలరా? ఫ్యాను కింద కింది హాలే మేలు. నాలుగోది డబ్బు సంగతి. ఫుల్ మీల్స్ ఇద్దరు పంచుకోకూడదని చాలాచోట్ల గోడమీదే రాసి ఉంటుంది. పిల్లాడు మీ కంచంలో రెండు ముద్దలు తిన్నాడని బిల్లు దగ్గర గొడవపడే కంటే, వాడికొక ప్లేట్ ఇడ్లీ చెప్పడం మర్యాద, చవక.

ఫోన్ తీసిన మనిషి ఎలా మాట్లాడాడో కూడా గమనించండి. "రండమ్మా, చూద్దాం, చేయిస్తాం" అన్నచోట పని జరుగుతుంది. "ఉన్నవే ఉంటాయండి" అన్నచోటికి మీరు వెళ్ళక్కర్లేదు.

4. బోర్డు చదవండి

ఫ్యామిలీ రెస్టారెంట్ అని రాసినవన్నీ మీ ఫ్యామిలీ కోసం కాదు. ఆ రెండు మాటల ముందు బార్ అని ఉందేమో చూసుకోండి. లోపల ఏసీ గది విడిగా ఉన్నా, పిల్లలతో వెళ్ళే చోటు కాదది. టిఫిన్ సెంటర్ రుచిలో చాలాసార్లు పెద్ద హోటల్‌ని మించుతుంది. కానీ నిలబడి తినాలి, చేతులు కడుక్కోవడం కష్టం, నాన్నమ్మకి బాత్రూం ఉండదు. పిల్లలు మాత్రమే ఉన్న జట్టుకి బాగుంటుంది. మెస్‌లో ఇంటి భోజనంలా ఉంటుంది, ఎంచుకునే వీలు తక్కువ. శాకాహార మీల్స్ హోటల్, టిఫిన్లు కూడా రోజంతా చేసేది దొరికితే మీలాంటి కుటుంబానికి అంతకంటే మంచి చోటు లేదు. ఆర్టీసీ కాంప్లెక్స్, మయూరి జంక్షన్ ప్రాంతంలో ముందు వెతకండి. బస్సు దిగినవాళ్ళు అన్ని వేళల్లోనూ వస్తారు కాబట్టి బస్టాండు దగ్గర హోటళ్ళలో పొయ్యి ఆగడం తక్కువ. గంటస్తంభం చుట్టూ బజారు, బండి ఆపడం కష్టం. ఆటోలో వెళ్ళి ఆటోలో రండి.

లోపల అడుగుపెట్టాక వెంటనే కూర్చోకండి. చేతులు కడిగే చోటికి వెళ్ళి రండి. సబ్బుందా, నేల జారుతోందా, బాత్రూం తలుపు పడుతోందా? హోటల్ గురించి ఆ మూలే నిజం చెబుతుంది. నచ్చకపోతే మర్యాదగా బయటికి రండి. ఇంకా ఏమీ చెప్పలేదు కదా, మొహమాటం దేనికి?

5. కారం తగ్గించమనే ముందు తెలుసుకోవాల్సింది

"కారం తక్కువ వేయించండి" అని ప్రతి తల్లీ చెబుతుంది. "అలాగేనమ్మా" అని ప్రతి వెయిటరూ అంటాడు. తీరా వచ్చిన కూర నోట్లో పెట్టుకోగానే పిల్ల కళ్ళలో నీళ్ళు. అతను అబద్ధం చెప్పాడా? లేదు. ఆ కూర పొద్దున్నే అయిపోయింది. సాంబారు, పప్పు, కుర్మా, పనీర్ మసాలా గ్రేవీ ఇవన్నీ పెద్ద గిన్నెల్లో ముందే తయారై ఉంటాయి. అందులో పడ్డ కారాన్ని ఎవరూ బయటికి తీయలేరు.

కాబట్టి గుర్తుంచుకోండి, మీరు అడిగాక పొయ్యిమీదికి ఎక్కేవాటికే కారం తగ్గుతుంది. దోశ, ఊతప్పం, ఆమ్లెట్, పుల్కా, ఫ్రైడ్ రైస్, నూడుల్స్. వీటికైనా విడమరిచి చెప్పాలి. సాదా దోశ అంటే సరిపోదు. కొన్నిచోట్ల సాదా దోశ లోపల కూడా ఎర్రకారం రాస్తారు. "కారం రాయకుండా, ఉల్లిపాయ చల్లకుండా, కాస్త మెత్తగా ఒక దోశ" అనండి. ఫ్రైడ్ రైస్‌కి "పచ్చిమిరపకాయ వద్దు, మిరియాల పొడి చిటికెడే, సాస్ వద్దు" అనండి. సాస్ వేస్తే అన్నం రంగు మారుతుంది, తెల్లగా ఉన్నవే తినే పిల్ల ఆ రంగు చూసే వద్దంటుంది, రుచి దాకా రాదు.

పెరుగన్నం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్నే నమ్ముకుంటారు. హోటల్ పెరుగన్నం మీ ఇంటి పెరుగన్నం కాదు. అందులో ఆవాలు, అల్లం ముక్కలు, పచ్చిమిరపకాయ, కరివేపాకు, ఒక్కోసారి దానిమ్మ గింజలు కూడా ఉంటాయి. పెద్దవాళ్ళకి విందు. మీ చిన్నదానికి మాత్రం తెల్లటి అన్నంలో నల్లటి చుక్కలు. ఒక్కొక్క ఆవగింజా ఏరుతూ కూర్చుంటుంది. అందుకని పెరుగన్నం అని చెప్పకండి. ఒక ప్లేటు తెల్లన్నం, ఒక కప్పు పెరుగు విడిగా చెప్పండి. ఒక ఖాళీ పళ్ళెం, చెంచా అడగండి. అన్నం కాస్త ఆరాక, దాని కళ్ళముందే మీరే కలపండి. తనకి తెలిసిన చెయ్యి కలిపిన ముద్ద పిల్ల ఇష్టంగా తింటుంది.

ఈ వైపు టిఫిన్లలో ఇంకో అనుకూలం ఉంది, బొంబాయి చట్నీ. పసుప్పచ్చగా, శనగపిండితో చేసేది. చట్నీ అంటేనే పారిపోయే పిల్లలు కూడా కొందరు దీంట్లో ఇడ్లీ ముంచుకుంటారు. పచ్చిమిరప ముక్కలుంటాయి, వాటిని మీరు ముందే చెంచాతో పక్కకి తీసి ఇవ్వండి. పంచదార పిల్లకి ఇది రెండో మెట్టు. ఎక్కితే ఎక్కుతుంది, లేకపోతే పంచదారే.

6. బల్ల దగ్గర మీరేం మాట్లాడతారు?

అన్నీ సరిగ్గా కుదిరాక కూడా పూట చెడగొట్టేది మన నోరే. కొన్ని మాటలు చూడండి.

"ఒక్క ముద్ద, నా కోసం." వాడు తినకపోతే మీమీద ప్రేమ లేదన్నట్టేనా?

"పక్క బల్ల దగ్గర పాపని చూడు, ఎంత బుద్ధిగా తింటోందో." ఆ పాప ఇంట్లో ఎలా తింటుందో మీకేం తెలుసు?

"ఇది తింటేనే ఐస్‌క్రీం." ఇక వాడి కన్నంతా ఐస్‌క్రీం మీదే ఉంటుంది, అన్నం శిక్ష అయిపోతుంది.

"ఇంత డబ్బు పెట్టి కొన్నాం." కొన్నది మీరు. వాడు అడగలేదు.

మరి ఏం మాట్లాడాలి? తిండి గురించి తప్ప ఇంకేదైనా. పొద్దున చూసిన కోట బురుజుల గురించి అడగండి. గంటస్తంభానికి ఎన్ని పలకలున్నాయో లెక్కపెట్టావా అని అడగండి. వాడు ఆలోచిస్తూ ఆలోచిస్తూ రెండు ముక్కలు నోట్లో వేసుకుంటాడు, తనకే తెలియకుండా. మీ కంచంలో ఉన్నదాన్ని మెచ్చుకుంటూ తినండి, పెట్టకండి. "ఏంటది?" అని వాడే అడిగితే చిన్న ముక్క ఇవ్వండి. ఉమ్మేస్తే ఉమ్మేయనివ్వండి, కాగితం చేతికివ్వండి.

అప్పడాలు అందరికంటే ముందు వస్తాయి. అవి ముందు పిల్లల చేతికిస్తే ఆకలి చచ్చిపోతుంది. ఇడ్లీ వచ్చేదాకా మీ దగ్గర పెట్టుకోండి. కూల్‌డ్రింక్ సంగతి కూడా అంతే, భోజనం అయ్యాకే.

తాతయ్యలు, బాబాయిలు కూడా పక్కనుంటే వాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. "మా కాలంలో పెట్టింది తినేవాళ్ళం" అన్న మాట ఆ పూటకి వద్దని. ప్రేమతోనే అంటారు, కానీ పిల్లాడికి అందరి ముందూ తలకొట్టేసినట్టవుతుంది.

7. విజయనగరం దాటి వెళ్తే

విశాఖ బీచ్ రోడ్డులో ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి మ్యూజియం మన పిల్లలందరికీ ఇష్టం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకుని, 2002లో మ్యూజియంగా మారింది. ఎదురుగానే టీయూ-142 విమానం. లోపలి దారి ఇరుకు, ఒకవైపునుంచి వెళ్ళి ఇంకోవైపు దిగాలి, మధ్యలో ఆగి బిస్కెట్ ఇవ్వడానికి వీలుండదు. కాబట్టి టికెట్టు తీసుకునే ముందే తినిపించేయండి. సోమవారం వెళ్ళకండి, సెలవు. తిండి పేచీ పిల్లలకి లోపల ఒకటి తప్పక చూపించండి, వంటగది. ఇంతే ఇంత చోటు, అక్కడే డెబ్భై మందికి పైగా మనుషులకి వంట. బయటికొచ్చాక మీ బల్ల దగ్గర మాట్లాడుకోవడానికి అంతకంటే మంచి కబురు ఏముంది? బీచ్‌లో మురీ మిక్చర్ బళ్ళు కనబడగానే పిల్లలు లాగుతారు. ఉల్లిపాయ, నిమ్మరసం, కారం లేకుండా వట్టి మురీలు, వేరుశనగలు కలిపి ఇమ్మంటే ఇస్తారు.

ఎస్.కోట మీదుగా అరకు వెళ్తే గిరిజన మ్యూజియం, దాని పక్కనే టూరిజం వారి హరిత రిసార్టు, దగ్గర్లోనే కాఫీ మ్యూజియం. అక్కడ అందరికీ బొంగు చికెన్ మీద మనసు. వెదురు బొంగులో మసాలా పట్టించిన మాంసం కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పులమీద కాలుస్తారు. నూనె వేయరు. కాలడానికి సమయం పడుతుంది, ఆకలేశాక చెబితే పిల్లలు అంతసేపు ఆగలేరు. మ్యూజియంలోకి వెళ్ళే ముందే చెప్పి వెళ్ళండి, బయటికొచ్చేసరికి తయారవుతుంది. మసాలాలో పచ్చిమిరప గట్టిగానే ఉంటుంది. ఇది అప్పటికప్పుడు కూరేది కాబట్టి, కారం తగ్గించమని ముందే చెబితే కుదురుతుంది. పిల్లలకి మాత్రం తెల్లన్నం, పెరుగు ఎక్కడ దొరుకుతాయో చూసి ఉంచుకోండి.

శ్రీకాకుళం వైపు శాలిహుండం వేరు. వంశధార ఒడ్డున కొండమీద బౌద్ధ స్తూపాలు, శిల్పాలు పెట్టిన చిన్న మ్యూజియం. గురజాడ వారి స్నేహితుడు, ఆయనతో కలిసి చదువుకున్న గిడుగు రామమూర్తి గారు 1919లో వెలుగులోకి తెచ్చిన చోటు. కొండమీద హోటల్ కోసం వెతకకండి, కేరేజీ కట్టుకోండి. ఎండలో పెరుగన్నం పులిసిపోతుందని భయమా? అన్నం కాస్త మెత్తగా వండి, గోరువెచ్చటి పాలు ఎక్కువగా, పెరుగు ఒక్క చెంచాడే వేసి, ఉప్పు కలిపి మూతపెట్టండి. తాలింపు వద్దు. మధ్యాహ్నానికి తోడుకుని, పులుపెక్కకుండా తియ్యగా ఉంటుంది. పెద్దవాళ్ళకి పులిహోర, ఆవకాయ విడిగా చిన్న డబ్బాలో. నాన్నమ్మకి ఉల్లి లేని బంగాళాదుంప వేపుడు. అరటిపళ్ళు, నీళ్ళు మీరు అనుకున్నదానికంటే ఎక్కువ. తిన్న ఆకులు, కవర్లు తిరిగి సంచిలోనే వేసుకుని దిగండి. అక్కణ్ణించి కళింగపట్నం తీరం దగ్గరే, పిల్లలు కాసేపు ఆడుకుంటారు. సాయంత్రం శ్రీకాకుళం చేరేసరికి హోటళ్ళలో పెనాలు మళ్ళీ వేడెక్కి ఉంటాయి. పెద్దాడికి దోశ అప్పుడు చెప్పండి, కారం రాయకుండా.